ఇరవై ఏళ్లకు జరిమానా, యాభై ఏళ్లకు సన్మానం

మాన్యశ్రీ నితిన్ గడ్కరీ గారికి,
కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి, న్యూఢిల్లీ.

మంత్రి గారూ,

ఈ ఉత్తరం సోలాపూర్ తూర్పు వైపు నేత పేటల నుంచి రాస్తున్నాను. అశోక్ చౌక్, సాఖర్ పేట్, కన్నా చౌక్, భవానీ పేట్ గల్లీల నుంచి ఢిల్లీకి పోయే అర్జీల్లో మామూలుగా నూలు ధర ఉంటుంది, కరెంటు రేటు ఉంటుంది, బీడీ కార్మికుల పింఛను ఉంటుంది. చద్దర్లు, టవళ్లు నేసేవాళ్లకు కార్లతో ఏం పని అని మీ పేషీలో ఎవరైనా అడగొచ్చు. ఈ గడ్డ మీద మోటారు కారు తయారు చేసి తీరాలని తెల్లవాళ్ల కాలంలోనే పట్టుబట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1882లో పుట్టింది సోలాపూర్‌లోనే అని వారికి చెప్పండి.

ఈ పేటల్లోని మా తెలుగువాళ్లకు ఆయనతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. విశాఖపట్నంలో ఓడల కార్ఖానాకు 1941లో పునాది పడింది ఆయన సింధియా కంపెనీ పూనికతోనే. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948లో నెహ్రూ నీళ్లలోకి దించారు. ఓడలు, విమానాలు, చక్కెర, సొరంగాలు, అన్నీ చేశాడాయన. కార్ల కోసం 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. 1947లో బొంబాయి కుర్లా నుంచి తొలి బండ్లు బయటికొచ్చాయి, అమెరికా క్రైస్లర్ సాయంతో. ఆ తర్వాత ఇటలీ ఫియట్‌తో పొత్తు కుదిరింది. 1964లో ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. 1974 నుంచి ఆ బండికే ప్రీమియర్ పద్మిని అని పేరు. మా పేటల నుంచి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి దాదర్‌లో దిగే మూడు తరాల వాళ్లకు స్టేషన్ బయట ఎదురయ్యే నలుపు, పసుపు ట్యాక్సీ అదే. 2003లో నమోదైన చివరి పద్మిని ట్యాక్సీకి ఇరవై ఏళ్లు నిండి 2023 అక్టోబరు ఆఖరున ముంబై రోడ్ల మీంచి తప్పుకుంది. ఆ మరుసటి ఏడాదే, 2024లో, పద్మిని పేరుతో వచ్చిన తొలి బండ్లకు యాభై నిండాయి. అంటే మీ శాఖ నిబంధనల ప్రకారం వింటేజ్ అయ్యాయి. ఒకే మోడల్‌కు ఇరవై ఏళ్ల వయసు పనికిరానిదీ, యాభై ఏళ్ల వయసు పూజనీయమూ ఎలా అయిందో అడగడానికే ఈ ఉత్తరం.

ముందు రెండు బండ్లను పక్కపక్కన పెడతాను, పాతదాని మీద మోజుతో మాట్లాడుతున్నానని మీరు అనుకోకుండా. మా గల్లీలో ఒక కార్ఖానాదారు దగ్గర ఎనభైల నాటి పద్మిని ఉంది. పుణెలో ఉద్యోగం చేసే ఆయన కొడుకు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొన్నాడు. ఖండేనవమి (ఆయుధ పూజ) నాడు మా దగ్గర మగ్గానికీ, మోటారుకూ, బండికీ ఒకే పసుపు, ఒకే బంతిపూల దండ. అలా పూజకు రెండూ ఒకచోట నిలబడ్డాయి.

చూస్తే పొడవు ఇంచుమించు ఒకటే, రెండూ నాలుగు మీటర్ల లోపు. 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న బండిని సర్కారు చిన్న కారుగా లెక్కించి పన్ను తగ్గించింది. పెళ్లికి ఆరుగురిని ఎక్కించుకుని తుల్జాపూర్ పోయిన పద్మిని ఆ కొలతతో చిన్న కారే. దాని ఇంజను 1,089 సీసీ, నాలుగు సిలిండర్లు, శక్తి నలభై హార్స్‌పవర్ చుట్టుపక్కల. ఐ20 ఎన్ లైన్ ఇంజను ఇంకా చిన్నది, 998 సీసీ, సిలిండర్లు మూడే, శక్తి మాత్రం 120 పీఎస్. సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగతోనే ఒక చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని సిలిండర్లలోకి కుక్కే ఏర్పాటు టర్బో. అప్పట్లో వృథాగా పోయిన పొగకు ఇప్పుడు పని దొరికింది. పద్మినికి స్టీరింగు పక్కనే గేరు కర్ర, నాలుగు గేర్లు, ముందు సీటు బెంచీలా ఒకటే. ఐ20లో ఆరు గేర్లు. నిలబడ్డ చోటి నుంచి నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పది సెకన్లు అటూ ఇటూ పడుతుంది. పద్మిని ఆ వేగం అందుకునే లోపు పాటలో పల్లవి అయిపోయి చరణం కూడా మొదలవుతుంది.

అయితే నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు 2018లో మీ శాఖే పెట్టిన హద్దు గంటకు వంద కిలోమీటర్లు. పుణె నుంచి సోలాపూర్, హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు దారి మాకు పుట్టింటి దారి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి మా ముందటి తరాలు వచ్చిన వైపు పోయేది అదే. ఆ దారి మీద చట్టం ఒప్పుకునే వేగం ముసలి బండీ అందుకోగలదు, కొత్త బండీ అందుకోగలదు. కాబట్టి పర్ఫార్మెన్స్ కారు గొప్పతనం పరుగులో వెతికితే దొరకదు. అది ఆగడంలో ఉంది. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ఘాటు దిగేటప్పుడు వేడెక్కి పట్టు తప్పుతాయి. కొత్తదానికి నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, చక్రం జామ్ కాకుండా ఏబీఎస్, పైగా ఆరు ఎయిర్‌బ్యాగులు. పద్మినిలో గుద్దుకుంటే స్టీరింగు కడ్డీ నేరుగా గుండె మీదికే. పొగ సంగతి చెప్పనే అక్కర్లేదు. కార్బురేటర్ బండి వెనక నిలబడి ఊపిరి పీల్చిన వాడెవడూ దాన్ని బీఎస్ 6 బండితో పోల్చడు.

నా తీర్పు ఇదీ: పిల్లలను ఎక్కించుకుని రాత్రిపూట హైవే ఎక్కాలంటే కొత్త బండే. ఇందులో వాదన లేదు. పాతదంతా బంగారం అనే పెద్దమనుషులు ఒకసారి వానలో పద్మిని తుడుపు కర్రలతో ఉమర్గా దాకా పోయి రావాలి.

ఆ పూజ నాడు తండ్రీ కొడుకుల మధ్య జరిగిన మాట మాత్రం నా మనసులో ఇంకా నలుగుతూనే ఉంది. “నాయినా, నీ బండికి ఇయ్యాల బ్రేకు కొడితే రేపు ఆగుతది” అన్నాడు కొడుకు. “నాది ఆగిపోతే గల్లీల ఎవడన్న తీస్తడు. నీది ఆగితే ఎవడు తీస్తడురా?” అన్నాడు తండ్రి. అందరూ నవ్వారు. ప్రశ్న అలాగే మిగిలింది.

నేను ఒక జాబర్ కొడుకును. జాబర్ అంటే కార్ఖానాలో మగ్గాలు బాగుచేసేవాడు. నాడె (షటిల్) కొట్టే చప్పుడు రవ్వంత మారితే అవతలి గదిలో చాయ్ తాగుతూనే ఏ మగ్గానికి ఏం రోగమో చెప్పే మనిషి. పాత పవర్‌లూమ్ మీద పేక పోగు నిమిషానికి నూరు, నూట ఇరవై సార్లు దూరుతుంది. నాడె లేని రేపియర్ మగ్గం మీద అది మూడు నాలుగు వందలు. నేతలో పొరపాట్లు తక్కువ, బట్ట పన్నా ఎక్కువ. రేపియర్‌ను చూసి నిట్టూర్చే జాబర్‌ను నేను చూడలేదు, అబ్బురపడ్డవాళ్లనే చూశాను. కానీ దాని కంట్రోలు బోర్డు కాలిపోయిన రోజున ఆ చెవి దేనికీ పనికిరాదు. బయటి ఊరి నుంచి టెక్నీషియన్ రావాలి, బోర్డు ఇంకా దూరం నుంచి రావాలి, అన్నాళ్లూ కూలీలు ఖాళీ. కారుదీ ఇదే కథ. కొత్త బండిలో ఒక సెన్సర్ తప్పు చెబితే డాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతుంది. ఆ దీపం ఎందుకు వెలిగిందో చదవడానికి కంపెనీ స్కానరూ, దానికి తాళంచెవి లాంటి సాఫ్ట్‌వేరూ ఉండాలి. గల్లీ మెకానిక్‌కు చెయ్యి చాతకాక కాదు, చేతికి అందనివ్వక పని పోయింది.

పద్మిని ఇగ్నిషన్ పాయింట్లు అరిగిపోతే గరకు కాగితంతో రుద్ది, రెంటి మధ్య సందు సరిచేసి పంపేవాడు మా చౌక్‌లో మెకానిక్. కార్బురేటర్ జెట్టులో చెత్త పడితే ఊది తీసేవాడు. ఇదంతా గొప్పతనమని చెప్పను. బండి అంత తరచుగా చెడేది కాబట్టే ఆ పని అందరికీ వచ్చింది. కానీ ఆ రాకపోకల్లో ఒక విద్య నిలిచింది, నాలుగు ఇళ్లు గడిచాయి.

ఈ విషయంలో సర్కారుకు తెలియనిదేం లేదు. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ కోసం కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది. ఒక పోర్టల్ పెట్టింది. పోర్టల్‌లో కంపెనీల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే సరిపోదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఓటు వేసి మరీ చట్టం తెచ్చుకుంది. కంపెనీ తన డీలరుకు ఇచ్చే రిపేరు సమాచారం, పరికరాలు బయటి గ్యారేజీకి కూడా సరైన ధరకు అమ్మాలన్నది దాని సారం. మన దగ్గర బండి రోడ్డెక్కాలంటే మీ శాఖ ఆమోదం కావాలి కదా. ఆమోదం ఇచ్చే ముందు ఈ షరతు ఎందుకు అడగకూడదు?

ఇక అసలు ఫిర్యాదు. 2021 జులైలో మీ శాఖ వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. అప్పటిదాకా పాత బండ్లకు దేశమంతటికీ ఒక పద్ధతంటూ లేదు, కాబట్టి మంచి పనే. యాభై ఏళ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి ఇరవై వేల రూపాయల ఫీజుతో కొత్త రిజిస్ట్రేషన్, నంబరు పలక మీద ‘వీఏ’ అక్షరాలు. ఆ తర్వాత దాన్ని ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. మహారాజుల రోల్స్‌రాయిస్‌లకు, షెడ్డులో దుప్పటి కప్పి ఉంచిన పాత అమెరికన్ బండ్లకు సరిగ్గా కుదిరే చొక్కా ఇది.

మరి యాభై లోపు బండి గతేమిటి? సొంత కారుకు పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. 2025 ఆగస్టులో మీ శాఖ ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు పదివేలు చేసింది. ఇరవై నుంచి యాభై దాకా లెక్క కట్టండి, ఆరుసార్లు, అరవై వేలు. పర్యావరణ పన్ను వేరే. ఫిట్‌నెస్ కోసం రంగులు, రేకు పని, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరుగుడు వేరే. అవన్నీ భరించి యాభై దాకా లాక్కొస్తే అప్పుడు ఇరవై వేలు కట్టి, దాన్ని నడపకుండా ఉంటానని ఒప్పుకోవాలి. 1990 నాటి పద్మినికి యాభై నిండేది 2040లో. అప్పటిదాకా దాన్ని ఎవరు బతికిస్తారు? వందేళ్ల బండి దొరలది, ముప్పై అయిదేళ్ల బండి మా వాళ్లది. దొరల బండి ఇప్పటికే గట్టెక్కింది. మా వాళ్ల బండి మధ్యలోనే కిలోల లెక్కన తుక్కుకు పోతుంది. ఏ వస్తువైనా పురాతనం కావాలంటే ముందు పాతబడాలి గదా, ఆ పాతబడే వయసులోనే దాన్ని దండిస్తే రేపు మ్యూజియంలో పెట్టడానికి ఏం మిగులుతుంది?

జర్మనీలో ముప్పై ఏళ్లు నిండి, మంచి స్థితిలో, అసలు రూపంలో ఉన్న కారుకు నంబరు చివర ‘హెచ్’ అక్షరం ఇస్తారు. పన్ను అందరికీ ఒకే మొత్తం. రోజూ నడుపుకోవచ్చు, పొగ మీద ఆంక్షలున్న నగర వీధుల్లోకి కూడా రానిస్తారు. బ్రిటన్‌లో నలభై దాటితే వాహన పన్నే లేదు. వాళ్లకు గాలి మీద పట్టింపు లేదని ఎవరూ అనలేరు. అలాంటి బండ్లు కొన్నే ఉంటాయనీ, అవి ఏడాదికి నడిచేది కొద్ది దూరమేననీ వాళ్లు లెక్క వేసుకున్నారు.

మన దగ్గర కూడా ముప్పై ఏళ్లకు ఒక మెట్టు పెట్టండి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు గీయండి, రెండు మూడు వేలు చాలు. బ్రేకులు, లైట్లు, పొగ పరీక్ష గట్టిగా చేయించండి. సీటు బెల్టు, మెరుగైన బ్రేకు బిగించుకుంటే అసలు రూపం చెడిందని అనకుండా నిబంధనలోనే రాయండి. మీ పక్కనున్న జౌళి శాఖ ఈ పని మగ్గాల విషయంలో ఎప్పుడో చేసింది. పాత సాదా పవర్‌లూమ్‌ను తుక్కు చేయమనకుండా, పోగు తెగితే దానంతటదే ఆగే పరికరం, మంచి బ్రేకు, నైలాన్ భాగాలు తగిలించుకోవడానికి సబ్సిడీ ఇచ్చింది. 2017లో పవర్‌టెక్స్ ఇండియా పేరుతో దాన్ని ఇంకా పెంచింది. ఆ సబ్సిడీ అందరికీ అందిందా అన్నది వేరే ఉత్తరం. ఆలోచన మాత్రం సరైనదే. పాత యంత్రానికి కాలంతో పాటు నడిచే అవకాశం ఇచ్చింది.

ఇంకొకటి, మీకు ఇష్టమైన విషయమే కాబట్టి కాస్త జంకుతూ అడుగుతున్నాను. ఇథనాల్. మహారాష్ట్రలో చక్కెర కార్ఖానాలు ఎక్కువున్న జిల్లాల్లో మాది ఒకటి. చెరకు రైతుకు బాకీ తీరుతుందంటే నేత పేటలు సంతోషించేవే, బట్ట కొనేది ఆ రైతే మరి. 2025 నాటికి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం అందుకుంది. ఈ ఇంధనం ముందు పాత బండికీ కొత్త బండికీ ఉన్న తేడా ఇంజను బలం కన్నా పెద్దది. ఐ20 లాంటి బండిలో పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ప్రతి క్షణం చూసి, కంప్యూటరుకు చెప్పి, ఎంత పెట్రోలు చిమ్మాలో సరిచేయిస్తుంది. పద్మిని కార్బురేటర్‌కు కళ్లు లేవు. దాని జెట్టు రంధ్రం ఆ రోజుల పెట్రోలుకు కొలిచి తొలిచింది. ఇథనాల్‌లో ప్రాణవాయువు కలిసే ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి పంపుకు అడ్డం పడేస్తుంది. లీటరు ఇథనాల్‌లో వచ్చే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కూడా. కార్లకే కాదు, ఇరవై శాతానికి తయారు కాని పాత స్కూటర్లు మా పేటల్లో ఇంటికొకటి ఉన్నాయి. ఇంధనం పెట్రోలియం శాఖదని తెలుసు. కానీ ఇథనాల్ మాట దేశానికి ఎక్కువగా వినిపించింది మీ గొంతులోనే. జిల్లాకు ఒక బంకులోనైనా తక్కువ ఇథనాల్ కలిపిన పెట్రోలు, కాస్త ఎక్కువ ధరకే సరే, అమ్మేలా చూడమని మీరు అడిగితే ఆ శాఖ వింటుంది.

వాల్‌చంద్ పేరు మా ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీ మీద ఉంది. ఆయన కంపెనీ చేసిన కారును ఎవరైనా పిల్లవాడు చూపించమంటే మాత్రం మేము కార్ఖానాదారుల షెడ్ల వైపే చెయ్యి చూపాలి. మీరు ముప్పై ఏళ్ల మెట్టు పెడితే వాటిలో కొన్నైనా నిలుస్తాయి. మా ఊళ్లోని ఐటీఐ పిల్లలు విప్పి బిగించి నేర్చుకుంటారు. అలా నేర్చిన చేతికి మీరు ఇప్పించే స్కానరు తోడైతే కొత్త బండిని కూడా మా చౌక్‌లోనే బాగుచేస్తారు.

రిపేరు హక్కుకు రెండు శాఖలు కలవాలి, ఇథనాల్‌కు ఇంకో మంత్రి ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల మెట్టుకు మీ శాఖ ఒక్కటే చాలు. 2021 నిబంధనల్లో ఒక సవరణ, 2025 ఫీజుల్లో ఒక మినహాయింపు, అంతే పని. దయచేసి దానితో మొదలుపెట్టండి.

ఇట్లు,
సోలాపూర్ నేత పేటల నుంచి
ఒక జాబర్ కొడుకు